తెర మీద తెలుగు వినబడుతోందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అడిగింది ఒక్కటే: ఈమధ్య వచ్చిన సినిమాలు, సీరియళ్లు, పాటలలో మీకు నిజంగా నచ్చినవి ఏవి, నచ్చనివి ఏవి, మొహమాటం లేకుండా చెప్పండి అని. నేను విమర్శకుణ్ణి కాను. నలభై ఏళ్లుగా సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని చూస్తున్న అభిమానిని. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దేవి, సంధ్య, సుదర్శన్ థియేటర్ల బుకింగ్ కిటికీల ముందు గంటల తరబడి నిలబడి పెరిగినవాణ్ణి. అందుకే ఒక సంగతి ముందే చెప్పుకుంటాను. నాకు బొమ్మ నచ్చాలంటే అందులో మనిషి పలికిన మాట నా చెవికి అందాలి, ఆ మాట ఏ ఊరిదో, ఏ ఇంటిదో తెలియాలి. కింది జవాబులన్నిటిలోనూ ఆ పట్టింపు ఉంటుంది.

రామంతాపూర్ నుంచి ఒక పాఠకురాలు: వసూళ్ల లెక్కలు పక్కన పెట్టి, గత కొన్నేళ్లలో మీ మనసులో నిలిచిపోయిన తెలుగు సినిమాలు ఏవో చెప్పగలరా?

మూడు చెబుతాను. మొదటిది 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’. వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ సినిమాలో కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టదో తెలుసుకునే ప్రయత్నంలో ఆ ఇంటి పాత తగాదాలన్నీ బయటపడతాయి. ఎప్పుడో ఒక విందులో అల్లుడి విస్తరిలో పడని నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం అతణ్ణి ఏళ్ల తరబడి అత్తగారి గడప తొక్కనివ్వలేదు. ఆ తగాదా ఆస్తి గురించి అయి ఉంటే నేను రెండు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి. మాంసం ముక్క గురించి కనుకనే హాలులో కూర్చున్నంతసేపూ మా బంధువుల ముఖాలు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఒకే పెళ్లికి వచ్చి వేర్వేరు పంక్తులలో కూర్చుంటారు.

ఈ సినిమా చేసిన అసలు మేలు మరొకటి ఉంది. తెలంగాణ యాసను మన తెర చాలాకాలం హాస్యగాడి నోటికో, రౌడీ నోటికో అప్పగించింది. ‘బలగం’లో తాత, కోడలు, అల్లుడు, మనవడు, ఊరి పెద్దమనుషులు, అందరూ ఒకే యాసలో మాట్లాడతారు కనుక అది ఎవరికో తగిలించిన ప్రత్యేకతగా కాక, ఆ ఊరి గాలిలాగే ఉంటుంది. చివర బుడగజంగం కళాకారులైన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడినప్పుడు, శిక్షణ పొందిన ఏ నేపథ్య గాయకుడూ తీసుకురాలేని బరువు ఆ గొంతులలో వినబడింది. ఊళ్లలో తెరలు కట్టి జనం కలిసి చూసిన సినిమా ఇది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఇదే సినిమాలో ఊరి మీద రాసిన పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ వార్త విన్న రోజు ముందుగా మొగిలయ్య గారే గుర్తుకు వచ్చారు.

రెండోది 2024 సెప్టెంబరులో వచ్చిన ‘35 – చిన్న కథ కాదు’. తిరుపతిలో జరిగే కథ. సున్నాకు విలువే లేదంటున్నప్పుడు, ఒకటి పక్కన అది చేరగానే తొమ్మిది కంటే పెద్ద సంఖ్య ఎలా అవుతుందని ఒక పిల్లవాడు అడుగుతాడు. బడిలో ఎవరూ జవాబు చెప్పరు. పైగా ఆ పిల్లవాణ్ణి సున్నా అనే పిలుస్తారు. చదువు మధ్యలో ఆగిపోయిన తల్లి మళ్లీ లెక్కలు నేర్చుకుని కొడుకుకు నేర్పుతుంది. ఆ తల్లిగా నివేదా థామస్ నటనకు తెలంగాణ ప్రభుత్వపు గద్దర్ పురస్కారం దక్కింది. నాకు లెక్కలలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే వచ్చేవి. ఆ కుర్రవాడి ప్రశ్న నేను కూడా అడగాలనుకుని, దెబ్బలకు భయపడి మింగేసిన ప్రశ్న. పోరాటాలూ ప్రతిజ్ఞలూ లేకుండా, వంటగది గడప మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్న ఒక గృహిణితో ఇంత ఉత్కంఠ కలిగించవచ్చని ఈ సినిమా చూపించింది.

మూడోది 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’. 2013 నాటి విశాఖపట్నం. పందొమ్మిదేళ్ల కుర్రవాడు, పదిహేడేళ్ల అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడతారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టాన్ని అమ్మాయి బంధువు పరువు కోసం ఆ కుర్రవాడి మీద ఆయుధంగా వాడతాడు. పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టం చట్టం దృష్టిలో ఇష్టమే కాదు. ఆ ముడిలో నుంచి కథ పుట్టింది. మంగపతి పాత్రలో శివాజీ తన గొంతుతోనే భయపెట్టారు. ఆ మనిషి కేకలు వేస్తున్నప్పటి కంటే, ఇంట్లో ఆడవాళ్లతో మామూలుగా మాట్లాడుతున్నప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. ప్రియదర్శి లాయరు పాత్రలో తడబడే మాటను, వెతుక్కునే మాటను దాచలేదు. వాదన అంటే అరవడం కాదని మన సినిమా ఇంత ఆలస్యంగానైనా ఒప్పుకున్నందుకు సంతోషం.

పెద్ద సినిమాలను వదిలేశానని మీరు అనుకోకూడదు. ‘పుష్ప 2’ జాతర ఘట్టంలో చీర కట్టుకుని అల్లు అర్జున్ చేసిన నటన నేను చూసిన గొప్ప నటనలలో ఒకటి. మిగిలిన సినిమా మాత్రం మూడు గంటల ఇరవై నిమిషాల నిడివిని మోయలేకపోయింది. ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామను భవిష్యత్తులోకి నడిపించిన నాగ్ అశ్విన్ ఊహకు నమస్కరిస్తాను. అయితే వాహనాల మీద, కోటల మీద పెట్టినంత ఊహ ఆ కాలపు మనుషులు మాట్లాడుకునే భాష మీద పెట్టలేదు. ఎనిమిది వందల ఏళ్ల తరువాతి కాశీలో ఇప్పటి హైదరాబాద్ కాలేజీ క్యాంటీన్ తెలుగే వినబడితే నాకు ఎక్కడో తెగిపోయింది.

మలక్‌పేట నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: థియేటర్లో సగం సంభాషణలు అర్థం కావడం లేదు. ఇది నా వయసు వల్ల వచ్చిన లోపమా, సినిమాల లోపమా?

మాస్టారూ, కొంత వయసుదే కావచ్చు, కానీ చాలావరకు మీ చెవుల తప్పు కాదు. మా అమ్మ గారికి డెబ్భై నాలుగేళ్లు. గత వేసవిలో ఆమెను నగరంలోని ఒక మల్టీప్లెక్స్‌కు తీసుకువెళ్లాను. ముందు వరుసలలో పక్కగా రెండు సీట్లే దొరికాయి. హీరో ఏదో అన్న ప్రతిసారీ ఆమె నా మోచేయి తట్టి ‘ఏమన్నాడు?’ అని అడిగేది. నాకూ వినబడలేదని చెప్పడానికి మనసొప్పక నేనేదో ఊహించి చెప్పేవాణ్ణి. విశ్రాంతి తరువాత ఆమె అడగడం మానేసి తెర వైపు ఊరికే చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చాక ‘బొమ్మ బాగుంది’ అని మాత్రం అంది. ఆ మాటలో నిజం లేదని ఇద్దరికీ తెలుసు.

దీనికి కారణాలు ఉన్నాయి. సినిమాకు ధ్వని మిశ్రమం చేసేటప్పుడు సంభాషణలు, నేపథ్య సంగీతం, ఇతర శబ్దాలు వేర్వేరు పొరలుగా ఉంటాయి. ప్రతి సన్నివేశమూ ఒళ్లు జలదరించేలా ఉండాలన్న తాపత్రయంలో సంగీతం పొరను పెంచుతూ పోతే మాట అడుగున పడిపోతుంది. ఆ పైన థియేటర్ వంతు. హాలులోని ధ్వని యంత్రం మీద 7 అనే అంకె దగ్గర ఉంచితే, మిక్సింగ్ గదిలో విన్న స్థాయే మనకూ వినబడాలన్నది ప్రమాణం. మరీ హోరుగా ఉందని ప్రేక్షకులు ఫిర్యాదు చేయగానే ఆపరేటరు ఆ అంకెను తగ్గిస్తాడు. పేలుళ్లతో పాటు గుసగుసలూ తగ్గిపోతాయి. హోరు చేసిన సినిమాకు పడిన శిక్షను మాట అనుభవిస్తుందన్నమాట. సంభాషణలు ప్రధానంగా తెర వెనుక మధ్యలో ఉండే స్పీకరు నుంచే వస్తాయి కనుక, ఈసారి మధ్య వరుసకు కొంచెం వెనుకగా, హాలు నడిమి భాగంలో సీటు తీసుకోండి; తేడా మీకే తెలుస్తుంది. ఇంట్లో ఓటీటీలో చూస్తున్నప్పుడు ఆడియో ఎంపికలలో 5.1కు బదులు స్టీరియో కనిపిస్తే దానిని ఎంచుకోండి. మామూలు టీవీ స్పీకర్లలో మాట అప్పుడే స్పష్టంగా వస్తుంది.

నన్ను ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది. తెలుగు సినిమాకు ఓటీటీలో ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు దొరుకుతాయి, తెలుగు అక్షరాలలో మాత్రం చాలావాటికి దొరకవు. మా అమ్మ గారు ఇంగ్లీషు చదవలేదు. తెలుగు పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. చెవి సన్నగిల్లిన తెలుగువాళ్లు తమ భాష సినిమాను తమ లిపిలో చదువుకునే వీలు లేకపోవడం అన్యాయం. వినికిడి, చూపు లోపాలు ఉన్నవారి కోసం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2024 మార్చిలో థియేటర్ ప్రదర్శనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి కంటే ఎక్కువ భాషలలో ధ్రువీకరణ పొందే సినిమాలు, సంభాషణలను అక్షరాలలో చూపడం, దృశ్యాన్ని మాటలతో వివరించడం లాంటి సదుపాయాలు కల్పించాలని వాటిలో ఉంది. మన పెద్ద సినిమాలు చాలావరకు ఇప్పుడు ఒకటి కంటే ఎక్కువ భాషలలోనే వస్తున్నాయి. కాబట్టి మీరు టికెట్ కొనేటప్పుడు కౌంటరులో ఈ సదుపాయం గురించి తప్పకుండా అడగండి, లేదంటే మేనేజరుకు కాగితం మీద రాసి ఇవ్వండి. మీరు అడిగితే మా అమ్మ గారికీ ఉపయోగపడుతుంది.

కూకట్‌పల్లి నుంచి ఒక గృహిణి: సీరియళ్లు చూస్తానంటే మా పిల్లలు నవ్వుతారు. మీరు కూడా వాటిని తక్కువగానే చూస్తారా?

చూడనమ్మా. సాయంత్రం పూట ఒక కథలో రేపు ఏమవుతుందోనని ఎదురుచూడడం చిన్న సుఖమేమీ కాదు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచిన ‘కార్తీక దీపం’ని మా వీధిలో ఆడవాళ్లతో పాటు మగవాళ్లూ చూశారు, వంటలక్క అని అందరూ పిలుచుకున్న ఆ కథానాయిక కష్టం గురించి మా కిరాణా కొట్టు యజమానితో నేను వాదించిన రోజులున్నాయి. రంగు తక్కువన్న చిన్నచూపును కథకు కేంద్రంగా పెట్టడం ధైర్యమే. అయితే అంతకంటే ఛాయగల నటికి రంగు పూసి ఆ పాత్ర వేయించడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నల్లగా ఉన్న ఆడపిల్లను చిన్నచూపు చూడవద్దని చెప్పే కథకు నల్లగా ఉన్న నటి దొరకలేదా? ప్రేమి విశ్వనాథ్ మంచి నటి. నా అభ్యంతరం ఆమె మీద కాదు, ఆ నిర్ణయం మీద.

సీరియళ్లతో నా అసలు పేచీ అరువు కథల గురించి. ‘కార్తీక దీపం’ మలయాళం నుంచి వచ్చింది. ‘ఇంటింటి గృహలక్ష్మి’, ‘బ్రహ్మముడి’ బెంగాలీ నుంచి వచ్చాయి. ‘గుండె నిండా గుడి గంటలు’ తమిళం నుంచి వచ్చింది. పొరుగు కథ తెచ్చుకోవడం తప్పు కాదు. కానీ బెంగాలీ ఇంటి పెత్తనం, తమిళ ఇంటి వంటగది తెలుగు పేర్లు పెట్టుకుని వచ్చినప్పుడు, అత్తగారు కోడలితో మాట్లాడే తీరులో మన ఇల్లు ఉండదు. మన అత్తగారు కోపం వస్తే నేరుగా తిట్టదు. గిన్నెలు గట్టిగా సర్దుతుంది, పక్కింటావిడతో చెబుతున్నట్టు కోడలికి వినబడేలా చెబుతుంది. సీరియల్ అత్తగారు మాత్రం హాలు మధ్యలో పట్టుచీరతో నిలబడి ఉపన్యాసం ఇస్తుంది, కెమెరా ముగ్గురి ముఖాల మీద మూడేసి సార్లు వాలుతుంది.

అదే తెలుగు ఇంటి నుంచే కథ పుడితే ఎలా ఉంటుందో 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ చూపించింది. ఆదిత్య హాసన్ తీసిన ఆరు భాగాల కథ. లెక్కల మాస్టారైన తండ్రి, పొదుపు లెక్కల తల్లి, ముగ్గురు పిల్లలు, మళ్లీ మళ్లీ పళ్లెంలోకి వచ్చే ఉప్మా. ఆ ఉప్మా చూసి పిల్లల ముఖాలు వాడిపోవడమూ, దాని వెనుక తల్లి మనసు నొచ్చుకోవడమూ నేను మూడుసార్లు వెనక్కు తిప్పి చూశాను. అందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్లు నవ్వరు, నవ్వినా మీతో కలిసి నవ్వుతారు.

ఎల్బీ నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ‘బిగ్ బాస్’ చూస్తారా? ఎవరికి ఓటు వేస్తారు?

2019లో మూడో సీజన్ పూర్తిగా చూశాను, రాహుల్ సిప్లిగంజ్ పాతబస్తీ మాట కోసం. ఆయన గెలిచినప్పుడు సంతోషించాను. తరువాత చూడడం మానేశాను. 2023 డిసెంబరులో ఫైనల్ ముగిసిన రాత్రి స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. ఇంటికి వెళుతున్న ప్రయాణికుల మీద చూపించే అభిమానాన్ని అభిమానం అనడానికి నాకు నోరు రాదు.

బోడుప్పల్ నుంచి ఒక పాఠకుడు: మనకు పాప్ సంగీతం అంటూ ఉందా? యూట్యూబ్ జానపదాలను మీరు సంగీతంగా లెక్కలోకి తీసుకుంటారా?

ఉంది, మీరు చెప్పిన ఆ జానపదాలే తెలుగువాళ్ల పాప్ సంగీతం. సినిమా లేకుండా, హీరో లేకుండా, ఒక పాట తనంత తాను జనంలోకి వెళ్లి పెళ్లి బరాత్‌లో మోగడమే పాప్ అయితే, అది ఇవాళ తెలంగాణ పల్లెపాట చేస్తోంది. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ని చూడండి. కొత్త పెళ్లికూతురు తాను ఎలాంటి ఇంట్లో ఎలా పెరిగిందో చెప్పుకుంటూ, నీ బండెక్కి వస్తానని పెళ్లికొడుకుకు చెప్పే పాట. అప్పగింతల వేళ ఏడవడమే తెలిసిన పెళ్లికూతుళ్లు ఆ పాటకు మండపం ముందు ఆడారు. మా మేనకోడలు పెళ్లిలో బోయిన్‌పల్లి ఫంక్షన్ హాలు బయట ఆ పాట మొదలవగానే, అప్పటిదాకా కుర్చీలో ముడుచుకుని కూర్చున్న మా పెద్దక్క చెప్పులు విడిచి రోడ్డు మీదికి వెళ్లింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె ఆడడం మేమెవరం అంతకు ముందు చూడలేదు. 2025లో రాము రాథోడ్, ప్రభ పాడిన ‘రాను బొంబాయికి రాను’ కూడా అలాంటిదే. వలస పోయే మొగుడు, ఊరు విడవనంటున్న ఆడమనిషి. పాలమూరు బతుకులు తెలిసినవాళ్లకు బొంబాయి అన్న మాట ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. ఆ బరువు మీద ఇంత చలాకీ పాట కట్టడం చిన్న విద్య కాదు.

నచ్చని సంగతీ చెప్పాలి. గొంతును యంత్రంతో ఎంతగా సరిచేస్తున్నారంటే, పది పాటలు విన్నా ఒకే మనిషి పాడినట్టు ఉంటోంది. పల్లె గొంతులోని జీరను తీసేస్తే ఇక మిగిలేది డీజే దరువే. పైగా తరాల నుంచి నోటి మీద ఉన్న పాటను తీసుకుని, కొత్త చరణాలు చేర్చి, పాత పాటను కాపాడుకుంటూ వచ్చినవాళ్ల పేరు వదిలేయడం అలవాటుగా మారింది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగదరియా’ మోతమోగినప్పుడు, అంతకు ముందే టీవీ పోటీలో ఆ పల్లవిని పాడిన జానపద గాయని తనకు గుర్తింపు కావాలని అడగవలసి వచ్చింది. సుద్దాల అశోక్ తేజ రచన మీద నాకు గౌరవం ఉంది, మంగ్లీ పాడిన తీరు మీద ఇష్టం ఉంది. కానీ పాట మొదట ఎవరి నోట దొరికిందో చెప్పడానికి తెర మీద ఒక్క వరుస చాలు, ఆ ఒక్క వరుసకు ఎందుకింత పిసినారితనం?

సినిమా పాటలలో నన్ను ఈమధ్య కుర్చీలోంచి లేపింది ‘సంక్రాంతికి వస్తున్నాం’లోని గోదారి గట్టు పాట. భాస్కరభట్ల రాశారు, భీమ్స్ సిసిరోలియో స్వరపరిచారు. రమణ గోగుల గొంతు అన్నేళ్ల తరువాత వినబడగానే నాకు తొంభైల చివరి రోజులు కళ్ల ముందు తిరిగాయి. పాప్ ఆల్బంతో వచ్చి, ‘ప్రేమంటే ఇదేరా’, ‘తమ్ముడు’, ‘బద్రి’ లాంటి సినిమాలకు సంగీతం ఇచ్చి, తరువాత కనిపించకుండా పోయిన మనిషి. ఆయన పక్కన పాడిన మధుప్రియ చిన్నప్పుడే జానపదంతో పేరు తెచ్చుకున్న అమ్మాయి. ఆయనది పట్నపు గొంతు, ఆమెది పల్లె గొంతు. భార్యాభర్తల అలకల పాటలో ఆ రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం వల్లే ఆ పాట అంత నిలిచింది. రెండు గొంతులలోనూ ప్రతి అక్షరం వినబడుతుంది. ఇంకొక చోట పెద్ద పేరున్న గాయకుడు ‘ళ’ను ‘ల’గా, ‘ణ’ను ‘న’గా పాడుతూ ఉంటే, స్వరం ఎంత మధురంగా ఉన్నా అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది. నోరు తిరగకపోవడం పాడేవారి తప్పు కాదు. పక్కన కూర్చుని సరిదిద్దని వారిదే తప్పు.

సైనిక్‌పురి నుంచి ఒక తల్లి: మా అమ్మాయికి పదేళ్లు. కొన్ని పాటల నృత్యాలు చూసి అలాగే చేస్తోంది. సిగ్గుతో కోప్పడ్డాను. నాది చాదస్తమా?

చాదస్తం కాదు. కోప్పడవలసింది మాత్రం అమ్మాయిని కాదు. 2025 ఆరంభంలో వచ్చిన ఒకటి రెండు పాటలలోని కదలికల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయంటే, ఆ మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ ఆడవారిని కించపరిచే నృత్య భంగిమలు మానుకోవాలని సినీ పరిశ్రమకు సూచన జారీ చేయవలసి వచ్చింది. హుషారైన పాట వద్దని నేను అనను. ‘నాటు నాటు’కు ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులు చూడండి. కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు ఇద్దరు మగవాళ్లు ప్యాంటు పట్టీలు లాగుతూ, దుమ్ము రేపుతూ వేసిన ఆ అడుగులను ప్రపంచమంతా పిల్లలూ ముసలివాళ్లూ కలిసి నేర్చుకున్నారు. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. మీ అమ్మాయికి ఆ అడుగులు నేర్పించండి. రెండు నిమిషాలు ఆపకుండా చేయగలిగితే నా తరఫున మెచ్చుకోండి.

మియాపూర్ నుంచి ఒక ఉద్యోగి: నలుగురం సినిమాకు వెళితే జేబు ఖాళీ అవుతోంది. ఓటీటీకి వచ్చేదాకా ఆగడం తప్పా?

తప్పు లేదు. 2021 చివరిలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకు గరిష్ఠంగా 250 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 295. నలుగురికి 1,180. ఏసీ సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠం 150, పన్నుతో 177; అంటే నలుగురికి 708. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో ఇది ఇంకా పెరుగుతుంది. ‘పుష్ప 2’ ముందు రోజు ప్రదర్శనకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు పెంచుకోనిచ్చారు. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయింది. నేను వందల సార్లు నిలబడిన చోటు అది. ఆ తరువాత మొదటి రోజు ఆటకు వెళ్లాలన్న కోరిక నాలో చచ్చిపోయింది. మీరు రెండో వారంలో సింగిల్ స్క్రీన్‌కు వెళ్లండి. రద్దీ ఉండదు, ధర పెంపు కూడా చాలాసార్లు అప్పటికి ముగిసిపోతుంది.

కృష్ణానగర్ నుంచి ఒక డబ్బింగ్ కళాకారిణి: పదిహేనేళ్లుగా హీరోయిన్లకూ సీరియల్ పాత్రలకూ గొంతు ఇస్తున్నాను. మీలాంటి అభిమానులు మా గొంతును ఎప్పుడైనా గుర్తుపడతారా?

గుర్తుపడతామమ్మా. సునీత గారి గొంతును ఎంతమంది హీరోయిన్ల ముఖాల మీద విన్నామో లెక్క లేదు. చిన్మయి గొంతు లేకుండా సమంత తొలి సినిమాలను ఊహించుకోలేం. అయితే ఈమధ్య నటీమణులు తమ గొంతుతోనే మాట్లాడడం పెరిగింది. ‘ఫిదా’లో సాయి పల్లవి నేర్చుకుని పలికిన తెలంగాణ మాట, ‘మహానటి’లో కీర్తి సురేశ్ సొంత గొంతు నాకు ఎంతో నచ్చాయి. మీ పనికి అది పోటీ అని తెలిసీ చెబుతున్నాను, మీరు నిజం అడిగారు కనుక. అదే సమయంలో, తెలుగు రాని నటి పెదవుల కదలికకు సరిపోయేలా తెలుగు మాటను కుదించి, సాగదీసి, ఏడుపూ నవ్వూ కలిపి చీకటి గదిలో ఒంటరిగా పలకడం ఎంత కష్టమైన విద్యో మీ ఉత్తరం చదివాక తెలిసింది. ఒక సన్నివేశంలో ‘వెళ్లిపో’ అన్న ఒక్క మాటను పందొమ్మిది సార్లు పలికించారని రాశారు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు ముప్పై శాతం వేతన పెంపు అడిగి, రెండు వారాలకు పైగా షూటింగులు ఆపి, చివరకు మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతానికి ఒప్పుకున్నప్పుడు, మీ వీధిలో ఆ రోజులు ఎలా గడిచాయో కూడా రాశారు. అది చదివి మా ఇంట్లో అందరం కాసేపు మాట్లాడుకున్నాం.

మీరు గొంతు ఇచ్చానని చెప్పిన సినిమాను పోయిన ఆదివారం మళ్లీ చూశాను. ఆ ‘వెళ్లిపో’ దగ్గర ఆపి, మా అమ్మ గారికి కూడా వినిపించాను. ఆమెకు స్పష్టంగా వినబడింది. సినిమా అయిపోగానే ఓటీటీ తరువాతి సినిమా వేయబోయింది. దానిని ఆపి, పేర్లు పరిగెత్తుతున్నంతసేపూ మీ పేరు కోసం వెతికాను. కనబడలేదు. ఆ సినిమా నిర్మాణ సంస్థకు ఒక ఉత్తరం రాసి పంపాను. జవాబు వస్తే ఇక్కడే ప్రచురిస్తాను.